అమ్మ నేలమీద కూర్చోవడానికి లెక్క

మా అమ్మ తుంటి విరిగిన ఏడాది నేను తొడ ఎముక మీద లెక్కలు చేస్తున్నాను. ఈ రెండూ ఒకదానివల్ల ఒకటి జరగలేదు. ముందు నా లెక్కలు మొదలయ్యాయి, తరవాత ఆవిడ నూతి చప్టా మీద పాచికి జారిపడింది. కానీ నర్సీపట్నంలో మా వీధివాళ్ళు మాత్రం తల్లి కాలు బాగుచెయ్యడానికే కూతురు ఎమ్.టెక్.లో చేరిందని నమ్మారు. ఎంత చెప్పినా వినలేదు. కొన్నాళ్ళకి నేను చెప్పడం మానేశాను. ఇంకొన్నాళ్ళకి నాకే అది నిజమేమో అనిపించేది.

అవి ఎనభైల తొలి రోజులు. విశాఖపట్నంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి అక్కడే పై చదువుకి చేరాను. వంతెనలు కట్టడం నేర్చుకుందామని వెళ్ళినదాన్ని. మా గైడ్ సార్‌కి ఆ మధ్యే ఎముకల పిచ్చి పట్టింది. "వంతెనా బరువు మోస్తుంది, ఎముకా బరువు మోస్తుంది, తేడా ఏముంది?" అనేవారు. తేడా చాలా ఉందని నాకు తరవాత తెలిసింది. వంతెన కుర్చీలో కూర్చుని మనల్ని ప్రశ్నలడగదు.

నేను చేసే పనిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. పేరు చూసి బెదరక్కర్లేదు. వంకరటింకరగా ఉన్న వస్తువుమీద బరువు పడితే లోపల ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో ఒక్కసారిగా చెప్పడం కష్టం. అందుకని దాని బొమ్మని కాగితంమీద చిన్నచిన్న త్రికోణాలుగా విడగొడతాం. ఒక్కో త్రికోణం పక్కవాటిని ఎంత తోస్తుందో, అవి దీన్ని ఎంత తోస్తాయో రాసుకుంటూ పోతే బోలెడు సమీకరణాలు తయారవుతాయి. వాటిని కంప్యూటరు విప్పుతుంది. ఇదంతా ఓ సెలవుల్లో అమ్మకి చెప్పబోయాను.

"అంటే వంకాయ తరిగినట్టు ఎముకని తరుగుతావన్నమాట."

"కాగితంమీదమ్మా."

"మరి ఆ ముక్కలు మళ్ళీ కలిపీస్తావా?"

"అవి విడిపోవు. కలిసే ఉంటాయి."

"మరి తరగడవెందుకే?"

ఇప్పటికీ అంత పొట్టి ప్రశ్నకి సరిపోయే పొట్టి జవాబు లేదు.

ఎముక ఆకారం కోసం మెడికల్ కాలేజీలో ఒక తొడ ఎముక అరువడిగి తెచ్చుకున్నాను. దసరా సెలవులకి దాన్ని గోనెసంచీలో పెట్టుకుని బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ సంచీలోకి తొంగిచూసి, లేచి వెనక సీటుకి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక అమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. "ఎవల తల్లి కన్న బిడ్డో. పేరు తెలీదు, ఊరు తెలీదు. ఇంట్లోకి తెస్తే మనకి మైల అవునా కాదా?" అంది. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన పురోహితుణ్ణి అడిగొస్తానని వెళ్ళారు. ఆ పురోహితుణ్ణి అలాంటి ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడగలేదట. ఆయనా తికమకపడి, ఎందుకైనా మంచిది బయటే ఉంచమన్నాడు. నేను వీధి అరుగుమీద కూర్చుని ఎముక గీతలు గ్రాఫు కాగితంమీదకి ఎక్కించుకున్నాను. లోపలికి వచ్చేటప్పుడల్లా స్నానం చెయ్యాల్సిందే. అంత మైల పాటించిన అమ్మే చీకటిపడేవేళకి ఒక తుండుగుడ్డ తెచ్చి, దూరంనుంచి ఆ ఎముకమీదకి విసిరి కప్పేది. మంచు పడతాదట.

ఆ తరవాతి వానల్లో ఆవిడే పడింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, తుంటి దగ్గర ఒక మేకూ, దాన్ని పట్టుకుని ఒక ప్లేటూ పెట్టి మరలు బిగించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, నిలబడొచ్చు, కర్రతో నడవొచ్చు, నేలమీద మాత్రం కూర్చోకూడదు అన్నారు.

"ఎన్నాళ్ళు బాబూ?" అంది అమ్మ.

"ఎముక అతకనివ్వండమ్మా. చూద్దాం."

నేలమీద కూర్చోకూడదంటే మా అమ్మకి ఏమిటో ఆ డాక్టరుకి తెలిసే అవకాశం లేదు. డెబ్భైల్లో, నా చిన్నప్పుడు, మా ఇంట్లో కుర్చీలుండేవి గానీ అవి వచ్చేపోయేవాళ్ళకి. అమ్మ బతుకంతా నేలమీదే. కత్తిపీట నేలమీద, రుబ్బురోలు నేలమీద, కిరసనాయిలు స్టవ్ నేలమీద, చేటలో బియ్యం చెరగడం నేలమీద. మాకవరపాలెం దగ్గర రైతుల ఇంట్లో పుట్టిన మనిషి. చదువు నాలుగక్షరాలతో ఆగిపోయింది. ఆవిడ కూరలు తరుగుతుంటే పక్కన చాపమీద బోర్లా పడుకుని నేను లెక్కలు చేసుకునేదాన్ని. ఆడపిల్లకి ఇంజనీరింగేమిటని చుట్టాలు సన్నాయినొక్కులు నొక్కితే, కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "ముందు దానికొచ్చిన లెక్కలు మీ మగపిల్లలకి రానీండి, అప్పుడు మాటాడదాం" అని నోరు మూయించింది. మా నాన్నగారు ఆ మాట మనసులో అనుకునేవారేమో గానీ పైకి అన్నది ఆవిడే.

ఆసుపత్రి నుంచి వచ్చాక వంటింట్లో కర్ర పట్టుకుని నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూసేది. మా పిన్ని, అంటే బాబాయి భార్య, పక్క వాటాలోనే ఉండేది. ఆవిడ వచ్చి కూరలు తరిగి పెట్టేది. అమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని "ముక్కలు పెద్దవైపోతన్నాయే" అని సణిగేది. ఓ రోజు నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు ఎముకలకి లెక్కలు కడతన్నావు కదా. నేను కింద కూకోవచ్చో లేదో కట్టి సెప్పు."

నాకు ఎంత సంతోషం కలిగిందంటే, నా చదువుకి మొదటిసారి ఒక పని దొరికిందనిపించింది. ఆ సంతోషం లైబ్రరీదాకా నిలిచింది. అక్కడ విదేశీ పత్రికలన్నీ తిరగేశాను. మనిషి నడుస్తుంటే తొడ ఎముకమీద ఎంత బరువు పడుతుందో ఉంది. ఒంటికాలిమీద నిలబడితే, మెట్లెక్కితే, కుర్చీలోంచి లేస్తే, అన్నీ ఉన్నాయి. నేలమీద కూర్చుంటే ఎంతో ఎక్కడా లేదు. ఆ దేశాల్లో తొడ ఎముకకి నేలతో పనేలేదు. కత్తిపీట ముందు ఒక కాలు మడిచి, రెండో మోకాలు పైకెత్తి, పాదంతో పీటని అదిమిపట్టి వంకాయ తరిగే మనిషి గురించి ప్రపంచంలో ఎవరూ లెక్క కట్టలేదు.

అయితే నేనే కొలుస్తానన్నాను. పిన్నిని కత్తిపీట ముందు కూర్చోబెట్టాం. కాలేజీ నుంచి అడిగి తెచ్చిన తూకం మిషను ఆవిడ కిందా, పాదం కిందా మార్చిమార్చి పెట్టాను. డ్రాయింగు బోర్డు కోణమాని పట్టుకుని మోకాలి దగ్గరా తుంటి దగ్గరా కోణాలు చూస్తున్నాను. నాన్నగారు సుద్దముక్కతో పాదం చుట్టూ నేలమీద గీత గీస్తున్నారు. పిన్నికి చక్కిలిగింతలు. అమ్మ కుర్చీలోంచి పురమాయిస్తోంది.

"అలా కాదే, ఆ మోకాలు ఇంకొంచెం పైకి. నేనలా కూకోను. నడుం ఇటు తిప్పు. ఏటా నవ్వు, సదువు జరుగుతంటే?"

పిన్ని కూర్చున్నది అమ్మలా. అమ్మ ఎముకలో ఉన్నది మేకూ ప్లేటూ. నా కాగితంమీద ఉన్నది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఎముక. ఈ ముగ్గురినీ కలిపి ఒక మనిషిని చేశాను. అప్పుడది తప్పుగా తోచలేదు. అందరూ అలాగే చేసేవారు.

ఆ రోజుల్లో కంప్యూటరంటే ఒక భవనం. మనం లెక్కని అట్టకార్డులమీద చిల్లులుగా కొట్టించి కిటికీలో ఇస్తే, మర్నాడు చిల్లులంచుల కాగితం చాంతాడంత బయటికొచ్చేది. ఎక్కడో ఒక కామా తప్పితే అంత కాగితంమీదా తప్పని ఒక్క ముక్క ఉండేది. తిప్పలుపడి చివరికి అంకెలు రాబట్టాను. తీరా చూస్తే అవి ఒకదానితో ఒకటి పొసగవు. తుంటి కండరం ఎముకని ఏ దిక్కుకి లాగుతుందన్నది కొంచెం మారిస్తే ప్లేటుమీద ఒత్తిడి సగానికి పడిపోతోంది. ఇంకో పక్కకి మారిస్తే ప్లేటు వంగిపోతోంది. మా అమ్మ కండరం ఏ దిక్కుకి లాగుతుంది? అది ఏ పుస్తకంలో ఉంటుంది? సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితాలు చూసి మురిసిపోయారు.

"భలే తేడా వచ్చిందమ్మా! రెండూ థీసిస్‌లో పెట్టెయ్."

"సార్, మా అమ్మ కూర్చోవచ్చా, కూడదా?"

"అది డాక్టర్నడగాలి."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమూ వచ్చింది, కానీ ఆయన అన్నదాంట్లో తప్పేమిటో చెప్పలేకపోయాను. ఇంజనీర్లకి ఒక అలవాటుంది. ఎటూ తేలనప్పుడు అన్నిటికన్నా చెడ్డ అంకెని పట్టుకుంటారు. నేనూ అదే పట్టుకుని ఇంటికెళ్ళి, "వద్దమ్మా, కూర్చోకు" అన్నాను.

ఆవిడ బాధపడుతుందనుకున్నాను. కానీ ఆవిడ మొహం విప్పారింది. కూరలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి నాన్నగారితో పనిచేసే మాస్టార్ల భార్యలదాకా, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. "మా అమ్మాయి కంప్యూటర్లో ఏసింది. నేను కింద కూకోకూడదంట. ప్లేటు వంగిపోతాదంట." అదేదో కూతురు పెట్టిన నగలా చూపించుకుంది.

కానీ కూర్చోకపోవడం రోజులతో పోయేది కాదు. పేరంటాలకి వెళ్తే ఆడవాళ్ళంతా చాపలమీద ఉంటారు. ఈవిడకి వీధి అరుగుమీంచి కుర్చీ తెచ్చి వెయ్యాలి. పుట్టింట్లో మేనల్లుడి కొడుక్కి అన్నప్రాసన అయినప్పుడు వెళ్ళింది. అక్కడ వాళ్ళ పెద్ద వదినగారు చాపమీద కూర్చుని ఉన్నారు. "వదిన కిందా, నేను పైనా? ఏటి మర్యాదది?" అని కుర్చీ వద్దని, ఆ తంతంతా అయ్యేదాకా కర్ర పట్టుకుని గోడవార నిలబడింది. ఇంటికొచ్చాక రెండు రోజులు లేవలేదు. ఆ తరవాత ఎవరు పిలిచినా కాలు నొప్పనేది. పిలిచేవాళ్ళూ తగ్గారు. నేను సెలవులకి వచ్చినప్పుడల్లా ఇల్లు ఇంకొంచెం నిశ్శబ్దంగా ఉండేది. నాన్నగారు ఓసారి నన్ను పక్కకి పిలిచి, "మీ అమ్మ మూగబోయిందే" అన్నారు. ఆయన గొంతు వింటే నాకు భయమేసింది.

ఎక్స్‌రే తీయించడానికి మళ్ళీ విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఫిల్ముని కిటికీకెదురుగా పట్టుకుని చూశారు. "బ్రహ్మాండంగా అతికింది. ఇక మెల్లగా కింద కూర్చోండి. ముందు పీటమీద, తరవాత నేలమీద."

"లేదు బాబూ. మా అమ్మాయి వొద్దంది."

ఆయన నావైపు తిరిగారు. "మీరు డాక్టరా?"

"కాదండీ. సివిల్ ఇంజనీరింగ్."

ఆయన ఇంకోసారి ఎక్స్‌రే చూశారు, అందులో తనకి కనపడని వంతెన ఏమైనా ఉందేమోనన్నట్టు. తరవాత నవ్వి, "మీ ఇంట్లో మీరు తేల్చుకోండి" అన్నారు.

తిరుగు బస్సులో తేల్చుకోబోయాం.

"అప్పటి లెక్క వేరమ్మా. అప్పుడు ఎముక అతకలేదు, బరువంతా ప్లేటే మొయ్యాలి. ఇప్పుడు ఎముక మోస్తుంది."

"లెక్క మారిపోతాదేటి? మీ నాన్నగారు ఇన్నేళ్ళనుంచీ అదే ఎక్కం సెప్తన్నారు."

ముందు సీట్లోంచి నాన్నగారు వెనక్కి తిరిగారు. "ఎక్కం వేరు, ఇది వేరు. ఎలా వేరో నన్నడక్కు" అని మళ్ళీ ముందుకి తిరిగిపోయారు.

"అంటే నీ లెక్క తప్పంటావు" అంది అమ్మ.

"తప్పు కాదమ్మా."

"మరైతే వొప్పే. నేను కూకోను."

ఊరు వచ్చేదాకా ఆవిడ కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చుంది. దిగబోయేముందు మాత్రం మెల్లగా, "వీధిలో అందరికీ సెప్పీసేనే" అంది. అప్పుడు నాకు కాస్త అర్థమైంది. ఇప్పుడు ఈవిడ నేలమీద కూర్చుంటే కూతురి లెక్క తప్పినట్టు. చుట్టాలందరి నోళ్ళూ మూయించి చదివించిన చదువు అది. దాన్ని తప్పు చెయ్యడం కన్నా కుర్చీలో ఒంటరిగా కూర్చోవడమే ఆవిడకి నయమనిపించింది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది, కాళ్ళు పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక సంచీలు దించుకున్నాను.

అతికిన ఎముకకి మళ్ళీ లెక్క చేశాను. కనీసం నా మనసుకైనా నెమ్మది దొరుకుతుందని. చాలామట్టుకు ఒత్తిడి తగ్గింది. కానీ చివరి మర దగ్గర ఒక మూల ఉంది. అక్కడ మాత్రం అంకె తగ్గలేదు. సరిగ్గా చూద్దామని త్రికోణాలు చిన్నవి చేశాను. అంకె ఇంకా పెరిగింది. ఇంకా చిన్నవి చేస్తే ఇంకా పెరిగింది. సార్ చూసి, "మూలల్లో అలాగే వస్తుందమ్మా, అది లెక్క తెచ్చిపెట్టే గొడవ, పట్టించుకోకు" అన్నారు. ఎలా పట్టించుకోకుండా ఉండను? ఆ మూల మా అమ్మ ఒంట్లో ఉంది. డాక్టరుకి ఎక్స్‌రే స్పష్టంగా ఉంది. సార్‌కి లెక్క స్పష్టంగా ఉంది. అమ్మకైతే అందరికన్నా స్పష్టంగా ఉంది. మధ్యలో నాకే ఏదీ తెలియలేదు.

అలా ఆ మూలని కూడా థీసిస్‌లో ఒక పేరాగా రాసి, టైపు చేయించి, బైండింగ్ చేయించి యూనివర్సిటీకి ఇచ్చేశాను. ఒక కాపీ ఇంటికి తెచ్చాను. నల్లట్టమీద బంగారు రంగు అక్షరాలు. అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి పటాల పక్కన నిలబెట్టింది. వచ్చినవాళ్ళందరికీ దూరంనుంచే చూపించేది, ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ వేసవిలోనే ఒక పొద్దున్న అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీలో ఉంది. పిన్ని కూరలు తరగడానికి కత్తిపీట తెచ్చి పెట్టింది. వీధిలో ఎవరింట్లోనో పేరంటానికి ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ పోతున్నారు. అమ్మ అటు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో నాకు కనపడింది. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు.

"అమ్మా, నా థీసిస్‌కి ఒక కొలత తక్కువైంది. పిన్నివి పనికిరావంటున్నారు. ఆపరేషనైన మనిషివే కావాలట. నువ్వు ఒకసారి కింద కూర్చోవాలి."

నాన్నగారు పేపరు దించారు. దేవుడి పటాల పక్కన ఉన్న నల్లట్ట పుస్తకం వైపు చూశారు, నా వైపు చూశారు. లేచి సుద్దముక్క వెతకడానికి వెళ్ళారు.

అమ్మ కూడా ఆ పుస్తకం వైపు చూసింది.

"తక్కువైతే ముందే సెప్పొద్దేటే?" అంది. "సదువు పాడైపోదూ?"

పిన్ని ఒక చంక కిందా, నేనొక చంక కిందా పట్టుకున్నాం. ముందు పీటమీద, అక్కణ్ణుంచి నేలమీదకి. ఆవిడ కాలు మడుస్తుంటే నాకు ఆ మర దగ్గరి మూలే గుర్తొచ్చింది. చప్పుడేదైనా వస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఆవిడ పళ్ళు బిగబట్టింది, నుదుట చెమట పట్టింది. రెండో మోకాలు పైకెత్తింది. పాదం ముందుకి జరిపి కత్తిపీటని అదిమిపట్టింది.

"బేగి రాసుకో. తప్పు రాసీగలవు."

నేను కోణమాని పెట్టి అంకెలు రాసుకున్నాను. నాన్నగారు పాదం చుట్టూ గీత గీశారు.

"సరిపోయాయా?"

"రేపు కూడా కావాలమ్మా."

"రోజూ కావాలేటి?"

"రోజూ కావాలి."

"అయితే సరే" అని పిన్ని ముందున్న వంకాయలు తనవైపు లాక్కుంది.

ఏమీ విరగలేదు. నా అంకెల్లో ఏది నిజమో, ఆ మూల ఎందుకు ఊరుకుందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. నేను వంతెనల ఉద్యోగంలో చేరిపోయాను. ఎముకల జోలికి మళ్ళీ పోలేదు. ఆ దశాబ్దం చివర్లో మా మేనమామగారింట్లో ఒక పేరంటానికి అమ్మతో వెళ్ళాను. అమ్మ వాళ్ళ పెద్ద వదినగారి పక్కన చాపమీద మఠం వేసుకుని కూర్చుంది. అవతల ఎవరో, "ఏటి, నువ్వు కింద కూకోకూడదని మీ అమ్మాయి లెక్క కట్టిందిగా?" అన్నారు.

"కట్టింది. అలాగని కూకోకపోతే ఎలాగ? దానికి రోజూ కొలతలు కావాలంట" అంది అమ్మ.

అందరూ నావైపు తిరిగారు. నా చేతిలో కోణమానీ లేదు, కాగితమూ లేదు, తాంబూలం ఉంది. అమ్మ మాత్రం నావైపు చూడలేదు.

"అవునండీ, ఇంకా కావాలి" అన్నాను.